సినిమా నచ్చలేదు సరే, ఎక్కడ నచ్చలేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఈమధ్య వరసగా సినిమాలు చూస్తున్నారు, చూసిన ప్రతిదాని గురించీ నాలుగు లైన్లు రాసుకుంటున్నారు. కానీ ఏ సినిమాకైనా "ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ ల్యాగ్, ఒకసారి చూడొచ్చు, మూడు స్టార్లు" అనే వస్తోంది. ఎందుకు నచ్చలేదని ఎవరైనా నిలదీస్తే జవాబు దొరకట్లేదు. పైగా రెండ్రోజులు పోయేసరికి అభిప్రాయం మారిపోతోంది. విమర్శకుల పరిభాష జోలికి పోకుండా, మామూలు ప్రేక్షకుడిగానే ఉంటూ గట్టిగా, వివరంగా ఎలా చెప్పాలి, ఎవరైనా ఒప్పుకోకపోతే ఏం చేయాలి అని అడిగారు.

ముందుగా ఒక మాట. సినిమా చూస్తున్నప్పుడు మీకు కలిగిన ఫీలింగ్ తప్పయ్యే అవకాశం లేదు. బోర్ కొట్టిందంటే కొట్టింది, కళ్లు చెమర్చాయంటే చెమర్చాయి. తేడా వచ్చేది దానికి కారణం చెప్పేటప్పుడు. బోర్ కొట్టిన చోటే లోపం ఉందని అనుకుంటాం. చాలా సినిమాల్లో అసలు లోపం అంతకు పావుగంటో అరగంటో ముందు జరిగిపోయి ఉంటుంది. బాగున్న సీన్ల సంగతీ అంతే. క్లైమాక్స్‌లో ఏడిపించిన ఘనత చాలావరకు ఎప్పుడో ఇరవయ్యో నిమిషంలో వచ్చిన చిన్న సీన్‌ది. మీ అభిప్రాయానికి బలం రావాలంటే ఫీలింగ్ కలిగిన చోటు ఒకటి, దానికి కారణమైన చోటు ఒకటి, రెండూ విడివిడిగా పట్టుకోవాలి. మిగతా పద్ధతులన్నీ దీనికి సాయం చేసేవే.

సినిమా అయిన వెంటనే ఏం రాసుకోవాలి

పూర్తయిన పది పదిహేను నిమిషాల్లోపు, ఇంకెవరి రివ్యూ చూడకముందే, మూడు విషయాలు రాసుకోండి: ఎక్కడ ముందుకు వంగి చూశారు, ఎక్కడ టైమ్ ఎంతయిందా అని చూశారు, ఎక్కడ "ఇలా ఎవరు చేస్తారు?" అనిపించింది. ప్రతిదానికీ ఒక సీన్ పేరు చాలు, "గోదాంలో ఫోన్ దొరికినప్పుడు", "ఆసుపత్రి మెట్ల మీద" అన్నట్టు. విశేషణాలు వద్దు. "అద్భుతం", "చెత్త" అని రాసుకుంటే వారం తర్వాత ఆ మాటలోంచి మీకు ఏమీ తిరిగి దొరకదు. సీన్ పేరు రాసుకుంటే అన్నీ గుర్తుకొస్తాయి.

హాల్లో ఉండగా ఫోన్ తీసి టైప్ చేయొద్దు. పక్కవాళ్లకు ఇబ్బంది అన్నది అటుంచితే, ఫోన్ వైపు చూసిన ఆ అరనిమిషంలోనే ముఖ్యమైన చూపో మాటో జారిపోతుంది, తర్వాత "కథలో లాజిక్ లేదు" అని మీరే రాస్తారు.

తర్వాత కథను ఎనిమిది వాక్యాల్లో పైకి చెప్పి చూడండి, ఎదురుగా ఎవరూ లేకపోయినా సరే. ఎక్కడ తడబడుతున్నారో గమనించండి. ఒక వాక్యానికీ తర్వాతి వాక్యానికీ మధ్య "అందుకని" అనో "కానీ" అనో పడుతుంటే కథ ముడిపడి ఉన్నట్టు. "ఆ తర్వాత... ఆ తర్వాత..." అని మాత్రమే పడుతుంటే సీన్లు పక్కపక్కన పేర్చి ఉన్నాయన్నమాట. సినిమా ఎందుకు జారిపోయిందో చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు. రెండు నిమిషాల పని.

"ల్యాగ్" అనే మాట సంగతి

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే జనం అభిప్రాయాల్లో ఎక్కువగా వాడేదీ, తక్కువ సమాచారం ఇచ్చేదీ ఈ మాటే.

ల్యాగ్ అంటే నిడివి ఎక్కువవడం అని చాలామంది అనుకుంటారు. కట్లు (ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు మారడం) వేగంగా పడకపోవడం అని మరికొందరు అనుకుంటారు. రెండూ సరిపోవు. హాలీవుడ్‌లో 1930 నుంచి 1960 వరకు ఒక్కో షాట్ సగటున 8 నుంచి 11 సెకన్లు ఉండేది. ఇటీవలి సినిమాల్లో అది 3 నుంచి 6 సెకన్లకు వచ్చింది. కట్ల వేగం రెట్టింపైంది, కానీ బోర్ కొట్టే సినిమాలు తగ్గలేదు. మనల్ని కూర్చోబెట్టేది కట్ కాదు, "ఇప్పుడేమవుతుంది?" అన్న ప్రశ్న. ఆ ప్రశ్న చచ్చిపోయిన క్షణం నుంచి ప్రతి నిమిషమూ సాగదీతే.

ఒక ఊహా కథ తీసుకుందాం. కనిపించకుండా పోయిన తమ్ముడి కోసం అన్న వెతుకుతున్నాడు. 40వ నిమిషంలో తమ్ముడి ఫోన్ ఒక పాత గోదాంలో దొరుకుతుంది, తెర పగిలి ఉంటుంది. 70వ నిమిషంలో తమ్ముడు ఇంకో చోట క్షేమంగా ఉన్నట్టు ప్రేక్షకుడికి చూపించేస్తారు, అన్నకు తెలియదు. 95వ నిమిషంలో ఆరు నిమిషాల ఛేజ్ వస్తుంది. సెకనుకో కట్, దద్దరిల్లే బీజీఎం. మీరు మాత్రం టైమ్ చూసుకుంటారు. బయటికొచ్చి "ఛేజ్ ల్యాగ్, ఎడిటర్ ట్రిమ్ చేయాల్సింది" అంటారు.

దాన్ని మూడు నిమిషాలకు కుదించినా బోర్ తగ్గదు. తమ్ముడికి ఏమీ కాలేదని మీకు 70వ నిమిషంలోనే తెలుసు. అన్న ఆ కారును పట్టుకుంటే ఏంటి, పట్టుకోకపోతే ఏంటి? బోర్ 95 దగ్గర, తప్పు 70 దగ్గర. ఆ నిజం ఛేజ్ అయ్యాక చెప్పి ఉండొచ్చు, లేదా తమ్ముడు ఉన్న చోటికే కొత్త ప్రమాదం వెళ్తున్నట్టు చూపించి ఉండొచ్చు. "తమ్ముడు బాగానే ఉన్నాడని ముందే చెప్పేశారు, అందుకే ఛేజ్‌లో టెన్షన్ లేదు" అని రాస్తే, చదివినవాడికి మీరు ఏం చూశారో కళ్లకు కడుతుంది.

ఇక ల్యాగ్‌కు ఇంకా ఏమేం కారణాలుంటాయంటే, ఒకే సమాచారాన్ని రెండుసార్లు చెప్పడం మొదటిది. జరిగింది మనం చూశాం, తర్వాతి సీన్‌లో ఒక పాత్ర ఇంకో పాత్రకు అదంతా కూర్చోబెట్టి చెబుతుంది. విన్న పాత్ర మొహంలో కొత్తగా ఏదైనా జరిగితే పర్వాలేదు, లేకపోతే అది వృథా. రెండోది, హీరో దేన్నీ నిర్ణయించకపోవడం. ఆధారాలు వాటంతటవే వచ్చి ఒళ్లో పడుతుంటాయి, ఫోన్ మోగుతుంది, ఎవరో వచ్చి చెబుతారు. ఏ సీన్‌కు ఆ సీన్ బాగానే ఉన్నా మొత్తం మీద నీరసంగా అనిపిస్తే దీన్ని అనుమానించండి. మూడోది, సీన్ ఎక్కడ మొదలైందో అక్కడే ముగియడం: ఇద్దరు గొడవపడ్డారు, ఐదు నిమిషాలు అరుచుకున్నారు, చివరికి వాళ్ల మధ్య ఏదీ మారలేదు. నాలుగోది చాలా చిన్నది గానీ ప్రతి సీన్‌లోనూ ఉంటే చంపేస్తుంది. కారు ఆగడం, తలుపు తీయడం, కూర్చోవడం, పలకరింపులు, ఆ తర్వాత అసలు మాట. ఇలా సీన్‌కు 20 సెకన్ల చొప్పున 50 సీన్లలో పోతే పదహారు నిమిషాల పైనే ఎగిరిపోతుంది. రెండు గంటల సినిమాలో అది దాదాపు ఏడో వంతు.

కావాలని నెమ్మదిగా తీసిన సినిమాను ల్యాగ్ అనేయకుండా ఉండటానికి ఒక గుర్తు ఉంది. నిమిషం పాటు కదలని షాట్ వచ్చిందనుకోండి. ఆ నిమిషం చివరికి ఆ మనిషి గురించి మీకు కొత్తగా ఏదైనా తెలిసిందా? మొదటి పది సెకన్లలో కనిపించనిది ఏదైనా నలభయ్యో సెకనుకు కంటపడిందా? పడితే దర్శకుడు మీకు టైమ్ ఇచ్చాడు. ఏమీ లేకపోతే మీ టైమ్ తీసుకున్నాడు.

ఓటీటీలో చూస్తుంటే ఇంకా సుఖం. బోర్ కొట్టిన నిమిషం నోట్ చేసుకుని, సినిమా అయ్యాక అక్కడి నుంచి 25, 30 నిమిషాలు వెనక్కి వెళ్లి మళ్లీ చూడండి. ఏ సీన్‌లో ఏ ప్రశ్న తీరిపోయిందో దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది.

నటన గురించి రాసేటప్పుడు

"బాగా చేశాడు", "జీవించాడు" అన్న మాటలు పక్కన పెట్టండి. నటుడు మాట్లాడుతున్నప్పుడు కాకుండా ఎదుటివాడి మాట వింటున్నప్పుడు చూడండి. డైలాగ్ ఉన్నప్పుడు రచయిత సాయం ఉంటుంది. వినేటప్పుడు ఎవరూ ఉండరు. ఎదుటి మాట ఏ పదం దగ్గర తగిలిందో మొహంలో తెలిస్తే అది మంచి నటన. తన వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నట్టు ఉంటే, డైలాగ్ ఎంత గొప్పగా చెప్పినా సీన్ నిలబడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. సుమారు వందేళ్ల కిందట రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒక నటుడి ఒకే క్లోజప్‌ను తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి స్త్రీ ఉన్న షాట్లు కలిపాడని చెబుతారు. మొహం అదే అయినా జనం ఆకలి, దుఃఖం, కోరిక వేర్వేరుగా చూశారట. అప్పటి నుంచి ఎడిటింగ్ నేర్చుకునే ప్రతివాళ్లకూ ఇది మొదటి పాఠం. కాబట్టి "ఆ ఒక్క చూపుతో ఏడిపించాడు" అని రాసేముందు, ఆ చూపుకు ముందు ఏ షాట్ వచ్చిందో, వెనక ఏ సంగీతం ఉందో గుర్తు చేసుకోండి. మెచ్చుకోవాల్సింది నటుడినే కావచ్చు, ఎడిటర్‌ను కూడా కావచ్చు.

"ఓవరాక్షన్" అన్న ఫిర్యాదుకూ ఇలాంటి చిన్న పరీక్ష ఉంది. సినిమాలో అందరూ అదే స్థాయిలో గట్టిగా చేస్తుంటే అది దర్శకుడు ఎంచుకున్న శృతి. మీకు నచ్చకపోవచ్చు, కానీ ఒక్క నటుడి మీద వేయడం న్యాయం కాదు. అందరూ ఒక తీరున ఉండి ఒక్కరే ఎగిరిపోతుంటే అప్పుడు ఆ నటుడి పేరు రాయండి.

పెదవులకు మాట కలవడం లేదని డబ్బింగ్‌ను తప్పుపట్టేముందు మీ సెటప్ చూసుకోండి. ప, బ, మ వచ్చే పదాల దగ్గర పెదవులు పూర్తిగా మూసుకుంటాయి, తేడా అక్కడే ఇట్టే తెలుస్తుంది. శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా మనిషి పసిగడతాడని అంతర్జాతీయ ప్రసార ప్రమాణాలు లెక్కగట్టాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో 150, 200 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలు. యాప్ దాన్ని సర్దకపోతే ప్రతి సినిమా డబ్బింగూ చెడ్డగానే కనిపిస్తుంది. వైరున్న ఇయర్‌ఫోన్‌తోనో, టీవీ స్పీకర్‌తోనో అదే సీన్ మళ్లీ చూస్తే తేలిపోతుంది.

సినిమా తప్పా, చూసిన చోటు తప్పా

సగం ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి కాబట్టి ఇది కూడా నిదానంగా చదవండి.

డైలాగులు వినిపించలేదు, పాటలూ ఫైట్లూ మాత్రం చెవులు పగిలాయి. ఓటీటీలో చూసి ఇలా అంటే ముందు టీవీ సెట్టింగ్ అడగాలి. 5.1 మిక్స్‌లో, అంటే శబ్దాన్ని ఆరు ఛానెళ్లుగా పంచిన ఆడియోలో, మాటలు దాదాపుగా మధ్య ఛానెల్‌లో ఉంటాయి. మీ టీవీకి రెండే స్పీకర్లు ఉంటే ఆరు ఛానెళ్లనూ రెండింట్లో కుదించాలి. అలా కుదించేటప్పుడు మాటల మీదకు సంగీతం, ఎఫెక్టులు వచ్చి పడతాయి. పైగా హాలు కోసం చేసిన మిక్స్‌లో మెల్లటి శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య అంతరం చాలా ఎక్కువ. నిశ్శబ్దంగా ఉన్న పెద్ద హాలుకు అది సరిపోతుంది, ఫ్యాను తిరుగుతున్న గదికి సరిపోదు. యాప్‌లో ఆడియోను స్టీరియోకు మార్చండి, టీవీలో నైట్ మోడ్ గానీ డైలాగ్ పెంచే సెట్టింగ్ గానీ పెట్టండి. అప్పటికీ మాట తెలియకపోతే, హాల్లో చూసినవాళ్లు కూడా అదే అంటుంటే, అప్పుడు సౌండ్ మిక్సింగ్ బాలేదని ధైర్యంగా రాయొచ్చు.

బొమ్మ "సీరియల్‌లా ఉంది", "చవగ్గా ఉంది" అనిపిస్తే మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ మధ్యలో లేని ఫ్రేములను తనే పుట్టించి 60కో 120కో పెంచుతుంది. కదలిక నున్నగా జారుతుంది, సినిమా వాతావరణం పోతుంది. శాంసంగ్‌లో ఇది ఆటో మోషన్ ప్లస్, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో పేర్లతో ఉంటుంది. కొన్ని టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటుంది, 2019లో ప్రకటించారు. అది ఎంచుకుంటే స్మూతింగ్‌తో పాటు అనవసరపు షార్ప్‌నెస్ కూడా ఆగిపోతుంది. ఇంత మంచి ఛాయాగ్రహణాన్ని ఒక మెనూ సెట్టింగ్ పాడు చేసి, ఆ నింద కెమెరామన్ మీద పడటం నిజంగా బాధగా ఉంటుంది.

చీకటి సీన్లలో ఏమీ కనిపించలేదంటే రెండు కారణాలుండొచ్చు. హాల్లో డిజిటల్ ప్రొజెక్షన్‌కు తెర మధ్యలో 48 నిట్‌ల (నిట్ అంటే తెర వెలుతురుకు కొలమానం) వెలుతురు ప్రమాణం. ల్యాంపు పాతబడితే అది పడిపోతుంది. త్రీడీలో అయితే అద్దాల వెనక మన కంటికి చేరేది దానిలో మూడో వంతో, ఇంకా తక్కువో. అదే సినిమాను టూడీలో చూసినవాళ్లకు ఆ ఫిర్యాదు ఉండకపోవచ్చు. ఇంట్లో అయితే పగటిపూట కర్టెన్లు తెరిచి చూసి ఛాయాగ్రహణం గురించి తీర్పు చెప్పొద్దు.

పైనా కిందా నల్ల పట్టీలు వచ్చాయని బొమ్మ కోసేశారనుకోవద్దు. 2.39 నిష్పత్తిలో, అంటే ఎత్తుకు 2.39 రెట్లు వెడల్పుతో, తీసిన సినిమా మామూలు టీవీ ఎత్తులో 74 శాతమే వాడుతుంది. టీవీలో జూమ్ నొక్కి తెర నింపితే అప్పుడు నిజంగా పక్కలు కోసుకుపోతాయి. దూరం విషయానికొస్తే, 55 అంగుళాల టీవీకి 1.7 నుంచి 2.3 మీటర్లు సరిపోతుంది. నాలుగు మీటర్ల నుంచి చూస్తే లాంగ్ షాట్‌లో మొహాలు తెలియవు, "ఎమోషన్ కనెక్ట్ కాలేదు" అనిపించడంలో వింత లేదు. ఫోన్‌లో చూసిన సినిమా గురించి రాసేటప్పుడు ఫోన్‌లో చూశానని ఒక ముక్క చేర్చండి. చదివేవాళ్లకు మీ మాటను ఎంతవరకు తీసుకోవాలో తెలుస్తుంది.

బీజీఎం, ఫైట్లు, గ్రాఫిక్స్

నేపథ్య సంగీతం బాగుందో లేదో తేల్చుకోవాలంటే మీకు బాగా తగిలిన సీన్‌ను రెండు నిమిషాలు మ్యూట్‌లో చూడండి. ఫీలింగ్ కొంతైనా మిగిలితే సంగీతం సీన్‌కు తోడుగా ఉంది. మొత్తం ఆవిరైపోతే సీన్‌ను సంగీతమే మోసింది. అదీ ఒక ప్రశంసే, కాకపోతే సంగీత దర్శకుడికి వెళ్లాలి, రచయితకు కాదు. సంగీతం మరీ ముందే వచ్చేయడం ఇంకో లోపం. పాత్రకు చెడు వార్త చేరకముందే వయొలిన్లు ఏడుపు మొదలుపెడితే మనకు దొరకాల్సిన దెబ్బ మెత్తబడిపోతుంది.

ఫైట్ అర్థం కాలేదంటే, ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో ఒక్క విశాలమైన షాట్‌లోనైనా చూపించారా అని చూడండి. అది లేకుండా దగ్గర షాట్లే వేస్తే, పైగా కెమెరా ఇద్దరినీ కలిపే ఊహా గీతను దాటి అటూ ఇటూ దూకితే, ఎడమవైపు ఉన్నవాడు కుడివైపు ప్రత్యక్షమవుతాడు. దెబ్బ తగిలే క్షణంలోనే ప్రతిసారీ కట్ పడుతుంటే దెబ్బ బరువు తెలియదు.

గ్రాఫిక్స్ తేలిపోయాయి అనడానికి బదులు ఏది తేలిందో చెప్పొచ్చు: నేల మీద కాలు పెట్టిన చోట నీడ లేదు, మనిషి మీద వెలుతురు ఒకవైపు నుంచి వెనకున్న ఆకాశంలో ఇంకోవైపు నుంచి పడుతోంది, అంత పెద్ద జంతువు దూకితే దుమ్ము లేవలేదు, బరువు లేనట్టు కదిలింది. ఈ నాలుగింట్లో ఒకటి గుర్తుపట్టినా మీ మాట నమ్ముతారు.

అభిప్రాయం ఎందుకు మారుతోంది

ఇది మీ ఒక్కరి సమస్య కాదు, జ్ఞాపకం పనితీరే అంత. మనస్తత్వ శాస్త్రవేత్తలు బార్బరా ఫ్రెడ్రిక్సన్, డేనియల్ కానెమన్ 1993లో ప్రచురించిన పరిశోధనలో జనానికి చిన్న ఫిల్మ్ క్లిప్పులే చూపించారు, కొన్ని హాయిగా ఉండేవి, కొన్ని ఇబ్బంది పెట్టేవి. తర్వాత ఎలా ఉందని అడిగితే, క్లిప్ ఎంతసేపు నడిచిందన్నది జవాబుల మీద పెద్దగా ప్రభావం చూపలేదు. అన్నిటికంటే తీవ్రమైన క్షణం, చివరి క్షణం, ఈ రెండే లెక్కలోకి వచ్చాయి. రెండుంబావు గంటల సినిమాలో చివరి పది నిమిషాలు బాగుంటే హాల్లోంచి బయటికి రాగానే "బ్లాక్‌బస్టర్" అనిపించేది అందుకే. చివర చెడితే గంటన్నర మంచి పని కూడా కొట్టుకుపోయేదీ అందుకే. పైగా హోరెత్తించే క్లైమాక్స్ తర్వాత గుండె వేగం కాసేపు అలాగే ఉంటుంది, ఆ ఊపును సినిమా గొప్పతనం ఖాతాలో వేసేస్తాం.

అందుకని నోట్స్ వెంటనే రాసుకోండి, తీర్పు మాత్రం రెండ్రోజులు ఆగి ఇవ్వండి. రెండ్రోజుల తర్వాత నోట్స్ తెరవకుండా ఏ సీన్లు వాటంతటవే గుర్తుకొస్తున్నాయో చూసుకోండి, తర్వాత మొదటి నోట్స్‌తో పోల్చండి. అప్పుడు ముందుకు వంగి చూసిన సీన్ ఇప్పుడు గుర్తే లేకపోతే అది ఆ పూట ఉత్సాహం. అప్పుడు మామూలుగా అనిపించిన సీన్ ఇప్పుడు వెంటాడుతుంటే దాని గురించే ఎక్కువ రాయండి, మీ అభిప్రాయంలో మిగతావాళ్లెవరూ రాయనిది అదే అవుతుంది.

ముగింపు నచ్చకపోతే ఒక ప్రశ్న వేసుకోండి: ముగింపే తప్పా, దానికి ముందు నుంచి దారి వేయలేదా? పాత్ర చివర్లో హఠాత్తుగా క్షమించేస్తే మనకు రుచించదు. కానీ క్షమించడంలో తప్పు లేకపోవచ్చు. ఆ మనిషి మెత్తబడుతున్నట్టు చూపించే ఒక్క సీన్ అంతకుముందు లేకపోవడం తప్పు కావచ్చు.

ట్రైలర్ చూసి ఒక రకం సినిమా ఊహించుకుని, అది రాలేదని తక్కువ మార్కులు వేయడం కూడా మామూలే. అది ప్రచారం మీద ఫిర్యాదు, విడిగా రాయండి. సినిమా ఏం చేయబోయిందో ఒక్క వాక్యంలో రాసి, అది చేయగలిగిందా లేదా అని చెబితే సరిపోతుంది.

స్టార్లు

అన్నిటికీ మూడే వేస్తున్నానన్నారు. మీకు కొలబద్ద లేదు కాబట్టి అలా జరుగుతోంది. మీరు చూసిన సినిమాల్లోంచే ఒకటి నుంచి ఐదు వరకు ఒక్కో అంకెకు ఒక్కో సినిమా నిలబెట్టుకోండి. కొత్తది చూసినప్పుడు "ఇది నా మూడు కంటే మేలా, నా నాలుగు కంటే తక్కువా" అని పోల్చండి. అంకెలు వాటంతటవే విడిపోతాయి.

బయటి అంకెలతో మీ అంకెను పోల్చుకునేటప్పుడు అవి ఏం కొలుస్తున్నాయో తెలిసి ఉండాలి. విమర్శకుల రివ్యూలను పోగుచేసే రాటెన్ టొమాటోస్ సైట్ ఇచ్చే శాతం సినిమా ఎంత గొప్పదో చెప్పదు. ఎంతమంది విమర్శకులు మొత్తానికి పర్వాలేదన్నారో చెబుతుంది. 60 శాతం గానీ అంతకు మించి గానీ వస్తే ఫ్రెష్ అంటారు. వందమందికి వందమందీ పదికి ఆరు వేసినా 100 శాతం వస్తుంది. అలాంటిదే ఇంకో సైట్ మెటాక్రిటిక్ విమర్శకుల మార్కులను సగటు తీస్తుంది, అందరి మార్కులకూ ఒకే బరువు ఇవ్వదు. సినిమాల వివరాల సైట్ ఐఎండీబీలో రేటింగ్ ప్రేక్షకుల ఓట్ల నుంచి వస్తుంది, అది కూడా నేరుగా తీసిన సగటు కాదు. విడుదలైన తొలి రోజుల్లో అభిమానులూ వ్యతిరేకులూ ఎక్కువగా ఓటేస్తారు కాబట్టి పదులూ ఒకట్లూ కనిపిస్తాయి. కొన్ని వారాలాగి చూడటం నయం.

రాసే తీరు

120 నుంచి 150 పదాలు చాలు. కథ మూడు వాక్యాలు దాటొద్దు, మొదటి పావు వంతు తర్వాత జరిగేది బయటపెట్టొద్దు. తప్పనిసరైతే ముందే స్పాయిలర్ ఉందని చెప్పి, ఖాళీ వదిలి రాయండి. మిగతాదంతా రెండు మూడు సీన్ల గురించే ఉండాలి. అన్ని శాఖలకూ తలో వాక్యం పంచే అలవాటు మానేయండి. ఆర్ట్ డైరెక్షన్ గురించి చెప్పడానికి ఏమీ లేకపోతే చెప్పక్కర్లేదు.

పైన చెప్పుకున్న అన్నదమ్ముల కథనే మీ పాత పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది: "ఫస్టాఫ్ గ్రిప్పింగ్. సెకండాఫ్ ల్యాగ్. హీరో బాగా చేశాడు. బీజీఎం ఓకే. ఒకసారి చూడొచ్చు."

అదే సినిమా, అదే అభిప్రాయం, ఇలా రాయొచ్చు: "తమ్ముడి కోసం వెతికే అన్న కథ. గోదాంలో పగిలిన ఫోన్ దొరికే సీన్ వరకు కదలనివ్వలేదు. ఆ ఫోన్ తీసుకున్నాక అన్న ఒక్క మాటా అనడు, తెర మీద పగులును వేలితో తడుముతాడు, అక్కడ నటన చాలా బాగుంది. కానీ సగం దాటాక తమ్ముడి గురించి ఒక విషయం తొందరపడి చెప్పేశారు. ఆ తర్వాత వచ్చే ఛేజ్ ఎంత బాగా తీసినా నాకు టెన్షన్ పుట్టలేదు. ఇంట్లో టీవీలో చూశాను, మాటలు కొన్నిచోట్ల సరిగ్గా వినపడలేదు, అది నా స్పీకర్ల వల్ల కావచ్చు. పరిశోధన కథలు ఇష్టపడేవాళ్లు మొదటి గంట కోసం చూడండి. మలుపుల కోసం చూసేవాళ్లకు నిరాశే."

రెండోదాంట్లో విమర్శకుల పదం ఒక్కటీ లేదు. "ల్యాగ్" అనకుండానే ల్యాగ్ గురించి చెప్పింది, "ఒకసారి చూడొచ్చు" అనకుండానే ఎవరు చూడొచ్చో చెప్పింది. మీరు రాసింది మళ్లీ చదువుకునేటప్పుడు "కనెక్ట్ కాలేదు", "వర్కౌట్ అవలేదు", "పర్వాలేదు" కనిపించిన చోటల్లా "ఎక్కడ?" అని అడిగి, జవాబును ఆ మాట స్థానంలో పెట్టేయండి.

ఇక మీ ఆఖరి ప్రశ్న, ఎవరైనా ఒప్పుకోకపోతే ఏం చేయాలి అన్నది. వాదన పెంచకుండా వాళ్లకు ఏ సీన్ నచ్చిందో అడగండి. మీకు నచ్చని సీనే వాళ్లకు నచ్చితే అది అభిరుచి తేడా, ఇద్దరూ సరే. వాళ్లు చెప్పిన సీన్ మీకు గుర్తే లేకపోతే మాత్రం అక్కడి నుంచి పది నిమిషాలు వెనక్కి వెళ్లి మళ్లీ చూడండి. అప్పుడు అభిప్రాయం మారితే పాత రాత చెరిపేయొద్దు, కిందనే తేదీ వేసి ఏ సీన్ వల్ల మారిందో రెండు లైన్లు చేర్చండి.